ఇన్‌ఛార్జి ప్రెసిడెంటు పురుడు

గుంటూరు,
9 మార్చి 2025

అక్కా,

సలాం. ఫోనుండగా ఈ కాగితమేంటే అని నవ్వకు. ఫోను నీదే, కానీ అది మోగేది బావ జేబులో. మొన్న చేస్తే స్పీకరులో పెట్టాడు. నువ్వు ‘ఊఁ’ అన్నావు, ‘ఆఁ’ అన్నావు, ‘అమ్మ బాగుందా’ అన్నావు. మధ్యలో మీ అత్త దగ్గు, బావ సలహాలు, గేదె అరుపు. నీ మాట తప్ప అన్నీ వినిపించాయి. అందుకే చిన్నాన్న కొడుకు అబ్దుల్లాని పట్టుకున్నాను. మీ కొమ్మూరుపాడు నుంచి మిరప బస్తాలు ఇక్కడి యార్డుకి తోలుతున్నాడు కదా, మన తపాలా కూడా ఇక వాడే. “ప్రేమలేఖలైతే ముందే చెప్పు, రేటు వేరు” అన్నాడు వెధవ.

మీ ప్రెసిడెంటు బసవమ్మగారు మిరప కల్లంలోనే గుండె ఆగి పోయారని విని మనసు అదోలా అయిపోయింది. పాపం, ఆవిడ పేరుకే సర్పంచి. పెత్తనమంతా మొగుడు రామాంజనేయులుగారిది. నిన్ను ఉపసర్పంచిని చేసిందీ ఆయనే కదా, ‘ఆ పిల్ల ఎదురు మాట్లాడదు’ అని. ఇప్పుడు ఆయనకి తెలియని సంగతి ఒకటి నీకు చెబుతాను, జాగ్రత్తగా చదువు.

ప్రెసిడెంటు కుర్చీ ఖాళీ అయితే అది మొగుడికి రాదు. నీకొస్తుంది. కొత్త సర్పంచి ఎన్నికై వచ్చేదాకా ఇన్‌ఛార్జివి నువ్వే. ఢిల్లీలోనూ ఇదే వరస. రాష్ట్రపతి పోతే ఉపరాష్ట్రపతి. ఆయనా లేకపోతే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఆయనా లేకపోతే ఆ కోర్టులో ఉన్న సీనియర్ జడ్జి. 1969లో నిజంగానే ఇలా అయింది. రాష్ట్రపతి పదవిలో ఉండగానే కన్నుమూశారు, ఉపరాష్ట్రపతి ఆ పని చూశారు, కొన్నాళ్లకి తానే పోటీ చేస్తానని రాజీనామా చేశారు. దేశానికి పెద్దదిక్కుగా ప్రధాన న్యాయమూర్తి వచ్చి కూర్చున్నారు. మా లా కాలేజీ సారు ఈ పాఠం చెబుతుంటే క్లాసంతా కునికింది. నేను మాత్రం పరుపుల దుకాణం కరీమున్ పెద్దకూతురు మౌలాబీ ఆ కుర్చీలో ఎలా ఉంటుందా అని చూస్తూ కూర్చున్నాను.

కూర్చో అక్కా. ఏడో నెల పొట్టతో కూర్చుంటే కుర్చీకి ఇంకా నిండుగా ఉంటుంది.

నీ చెల్లి,
అర్ఫా

—

కొమ్మూరుపాడు,
17 మార్చి

అర్ఫా,

నీ ఉత్తరం మిరప ఘాటు కొట్టింది. మూడుసార్లు తుమ్మి చదివాను.

కూర్చున్నాను. అయితే ముందు మీ బావ కూర్చున్నాడు. పంచాయతీ ఆఫీసుకి ఇద్దరం వెళ్లాం, నేను చెప్పులు విప్పేలోపు ఆయన కుర్చీలో ఉన్నాడు. పంచాయతీ కార్యదర్శి శ్రీరమ్య అని కొత్తగా వచ్చింది, నీ వయసే. ఆ పిల్ల మెల్లగా, “పీరుగారూ, మీకు బెంచీ వేయిస్తానండి” అంది. మీ బావ మొహం చూడాల్సింది.

ఇక అసలు సంగతి. మా ఊరి మంచినీళ్ల చెరువు నీకు తెలుసు. దాని గట్టునే రామాంజనేయులుగారి బత్తాయి తోట. ఏటా ఎండలు ముదరగానే ఆయన ఆయిలింజన్లు చెరువులో పడతాయి. బసవమ్మక్క ఏనాడూ వద్దనలేదు. పోయిన వేసవి చెరువు అడుగంటి జనం చేలల్లో బావుల నీళ్లు తాగారు, మందులు కొట్టిన చేలు. పక్కింటి నసీమున్నీసా బిడ్డ వాంతులూ విరేచనాలతో నా ఒళ్లోనే పోయింది. ఆటో ఇంకా నరసరావుపేట కూడా చేరలేదు. మూలగడం ఆగితే నిద్రపోయిందనుకున్నా.

అందుకని నేను వేసిన మొదటి సంతకం ఇంజన్లు తియ్యమని. తీశారు. రామాంజనేయులుగారు కోప్పడలేదే! “మంచిదమ్మాయ్, నీ ఇష్టం” అన్నాడు. ఆ మాటకే నాకు చెమట పట్టింది. ఆయన పొలమే మేం కౌలుకి చేస్తున్నది.

కాలవ నీళ్లు మే నెల చివరికి వదులుతారట. అప్పటిదాకా చెరువుని కాస్తే ఊరు గట్టెక్కుతుంది. కానీ నాకు మే నడిమికల్లా నెలలు నిండుతాయి. తొలికాన్పు, పుట్టింటికి రావాలి. నేనొస్తే ఈ కుర్చీ సంగతేంటి? చదువుకున్నదానివి, చూసి చెప్పు. పాదాలు వాచాయి, చెప్పులు పట్టట్లేదు.

మౌలాబీ

—

గుంటూరు,
25 మార్చి

ప్రెసిడెంటుగారూ,

బెంచీ సంగతి చదివి నాన్న దూది మిషను ఆపి మరీ నవ్వాడు. మీ శ్రీరమ్యని నా తరఫున మెచ్చుకో.

నీ ప్రశ్నకి జవాబు తేలిక. ఏమీ కాదు, నిశ్చింతగా రా. రాష్ట్రపతికి జబ్బు చేసినా, ఊళ్లో లేకపోయినా ఆయన పని ఉపరాష్ట్రపతి చూస్తారు. ఆయన కోలుకుని రాగానే ఆయన కుర్చీ ఆయనకే. నీదీ అంతే. పురుడు పోసుకుని బిడ్డనెత్తుకుని వెళ్లు, కుర్చీ ఎక్కడికీ పోదు. ఇదే అమ్మకి చెప్పాను. ఆవిడ సంబరం చూడాలి. పాత చీరలన్నీ ఏరి నాలుగు బొంతలు కుట్టింది. నాన్న మిషను పత్తిని పక్కనపెట్టి, గింజ లేకుండా చేత్తో ఏకిన దూదితో చిన్న పరుపు చేశాడు. ఎవరినీ ముట్టుకోనివ్వడు, నన్ను కూడా.

శ్రీమంతం కాగానే పంపిస్తామని మీ వాళ్లన్నారట, కారు కూడా మాట్లాడారట. మీ అత్తింటివాళ్లని ఊరికే ఆడిపోసుకున్నాను, మంచివాళ్లేనే.

సెమిస్టరు పరీక్షలు నెత్తిమీదున్నాయి. వీధిలో మైకు, పక్కింటి మేడ మీద మిరపకాయలు, నా బుర్రలో రాజ్యాంగం. ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తోంది. నువ్వు త్వరగా రా.

అర్ఫా

—

కొమ్మూరుపాడు,
7 ఏప్రిల్

అర్ఫా,

నువ్వు కూడా వాళ్లలో కలిశావా?

శ్రీమంతం అయింది. చేతి నిండా గాజులు వేశారు, తల నిండా పూలు పెట్టారు. అయ్యీ అవగానే కారు వచ్చి వాకిట్లో ఆగింది. అది మేం మాట్లాడిన కారు కాదే. రామాంజనేయులుగారి కారు. డ్రైవరు, ఏసీ, వెనక సీట్లో దిండు. ఆయన కోడలు జ్యోతిర్మయి నా బట్టల సంచి తనే మోసుకొచ్చింది. ఆ పిల్లా వార్డు మెంబరే. అప్పుడు నాకేదో గుచ్చుకుంది. శ్రీరమ్యని లోపలికి పిలిచి అడిగాను.

ఇన్‌ఛార్జి పదిహేను రోజులకు మించి వరసగా ఊళ్లో లేకపోతే పైఅధికారి మెంబర్లలో ఒకరిని తాత్కాలిక సర్పంచిగా వేస్తారట. ఆ ఒకరు ఎవరో నీకు చెప్పాలా? నేను తిరిగొస్తే కుర్చీ నాకే ఇస్తారు, నువ్వు రాసింది నిజమే. కానీ కాన్పు, ఆపైన నలభై రోజులు. అంతలో రెండు ఇంజన్లు పెడితే చెరువులో ఏం మిగులుతుంది? ఢిల్లీలో రాష్ట్రపతికి జబ్బు చేస్తే ఆయన వచ్చేలోపు ఎవరూ చెరువు తోడుకోరు. నేనొచ్చేసరికి కుర్చీ ఉంటుంది, బురద ఉంటుంది.

నేను కారెక్కనన్నాను. మీ బావ అందరి ముందూ, “మీ చెల్లెలు లా చదువుతోంది, కుర్చీ ఎక్కడికీ పోదని ఆ పిల్లే చెప్పింది! మీ అమ్మే ఫోన్లో చెప్పింది నాకు!” అని అరిచాడు. రామాంజనేయులుగారు తల ఊపాడు, “చదువుకున్న పిల్ల చెప్పింది కదమ్మాయ్” అని. నీ మాటతోనే నన్ను కారెక్కించబోయారు.

గాజులు తీయలేదు. అవి చప్పుడు చేస్తుంటే ఇంట్లో అందరికీ కోపం వస్తోంది.

మౌలాబీ

—

గుంటూరు,
11 ఏప్రిల్

అక్కా,

నేనెవరిలోనూ కలవలేదు. తప్పు చెప్పాను, అంతే. పంచాయతీ చట్టం తీసి చూడకుండా పాఠంలో ఉన్న ఢిల్లీ ముక్క అప్పజెప్పాను. నీ ఉత్తరం చదివాక లైబ్రరీకి పరుగెత్తాను. శ్రీరమ్య చెప్పింది అక్షరాలా ఉంది.

ఇక్కడ ఇల్లు నిప్పుల మీదుంది. నువ్వు కారెక్కలేదని బావ ఫోన్ చేశాడు, ఎందుకెక్కలేదో చెప్పలేదు. “మీ పెద్దమ్మాయికి పుట్టిల్లు పనికిరాదట” అన్నాడు. అమ్మ ఆ మాట పట్టుకుని కూర్చుంది. నేను చెరువు, చట్టం అని ఎంత చెప్పినా వినదు. “నా ఇంట్లో ఏం తక్కువైందే దానికి? రేకుల ఇల్లనా? ఏసీ లేదనా?” అంటుంది. బొంతలు మడిచి బీరువాలో పెట్టేసింది. ఎదురింటి వదిన వచ్చి, “పెద్దది ఇంకా రాలేదేం?” అంటే తలుపేసుకుంది. ప్రెసిడెంటయ్యాక కూతురు పెద్దింటిదైపోయిందని అమ్మ నమ్మకం.

ఒక్క దారి దొరికింది, విను. చట్టంలో ‘వరసగా’ అని ఉంది. వరస తెగితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇక్కడికి వచ్చెయ్యి, పదిహేను నిండకుండా ఒక్కపూట ఊరెళ్లి ఆఫీసులో సంతకం పెట్టి రా. ఎవరూ ఏమీ చేయలేరు.

నిజం చెప్పనా, ఇది రాస్తూనే సిగ్గేస్తోంది. నిండు మనిషిని ఎండలో మిరప బండిలో అటూ ఇటూ తిరగమంటున్నాను. చెరువు పోతే పోనీ అక్కా. ఎవరో ఒకరు చూసుకుంటారు. నువ్వు రా. వాపు తగ్గిందా? బీపీ చూపించుకున్నావా? ఈ రెండింటికైనా జవాబు రాయి.

అర్ఫా

—

కొమ్మూరుపాడు,
24 ఏప్రిల్

అర్ఫా,

‘ఎవరో ఒకరు’ అని రాశావు. ఆ ఎవరో ఒకరి కోసం నసీమున్నీసా పోయిన వేసవంతా చూసింది.

కోప్పడను. నీ దారి దాచుకున్నాను, పనికొస్తుంది.

వాపు తగ్గలేదు. మొహానికి ఎక్కింది. ఏఎన్ఎం వచ్చి బీపీ చూసి, “అక్కా, మీరు ఇవాళే పెద్దాసుపత్రికి పోవాలి” అంది. మాత్రలిచ్చింది. వేసుకుంటున్నా. ఒక్కోసారి కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయి. అత్తకి చెబితే ఎండ దెబ్బంది, మజ్జిగ ఇచ్చింది.

మొన్న సాయంత్రం చెరువు గట్టున రామాంజనేయులుగారు ఎదురుపడ్డాడు. కర్ర పట్టుకుని ఒక్కడే నిలబడి చెట్ల వంక చూస్తున్నాడు. ఆకులు ముడుచుకుపోయాయి, పిందెలు రాలుతున్నాయి.

“పన్నెండేళ్ల చెట్లమ్మాయ్,” అన్నాడు. “బసవమ్మ బిందెలతో పోసి బతికించింది వీటిని. కన్నబిడ్డల్లాంటివి.”

“నసీమున్నీసా బిడ్డకి నాలుగేళ్లండి,” అన్నాను.

రాలిన పిందెల్ని కర్రతో పక్కకి నెట్టాడు. తర్వాత, “నీ మొగుడికి ఈసారి కౌలు ఇవ్వలేనేమో, చూసుకోండి” అని వెళ్లిపోయాడు. గొంతు పెంచలేదు. ఆ మనిషి అరిచినా బాగుండు, తిట్టినా బాగుండు.

మీ బావ రెండు రోజులుగా అన్నం సరిగా తినట్లేదు. నాతో మాట్లాడట్లేదు. రాత్రి పాదాలు మాత్రం పట్టాడు.

అమ్మని ఇక్కడికి పంపు. పురుడు ఇక్కడే పోసుకుంటాను. కూతురి అత్తింట్లో అమ్మ పురుడు పోస్తే పరువు పోతుందని మీ బావే ఫోన్లో అన్నాడట, అమ్మా అదే అంటుందని తెలుసు. నా ఇల్లు తక్కువై కాదు, తన ఇల్లు తక్కువయ్యీ కాదని చెప్పు. నేను చెబితే వినదు, నువ్వు చెబితే అర్థం కాదు. అయినా చెప్పు.

నాకు భయంగా ఉంది అర్ఫా. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మౌలాబీ

—

గుంటూరు,
12 మే

అక్కా,

నువ్వెక్కడున్నావో తెలుసు కాబట్టి రాస్తున్నాను. తెలియకపోతే పోలీస్ స్టేషనులో రాసేదాన్ని.

పొద్దున టీ పట్టుకుని పెద్దాసుపత్రి వార్డుకి వస్తే నీ మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టి ఉంది. పక్క మంచం ఆవిడ, “మీ అక్క బాత్రూముకెళ్లిందమ్మా” అంది. బాత్రూములో వెతికాను, మెట్ల మీద వెతికాను, పాప అద్దాలగదికి పరుగెత్తాను. అక్కడ నర్సు చెప్పింది, నువ్వు తెల్లారకముందే వచ్చి అద్దానికి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడి వెళ్లావట. అప్పుడు అబ్దుల్లాకి ఫోన్ చేశాను. “ప్రెసిడెంటుగారి ఆర్డరే, నేనేం చెయ్యను” అన్నాడు. ఫోన్లో ఏడుస్తున్నాడు వాడు.

ఆపరేషను కుట్లింకా విప్పలేదు అక్కా! ఏప్రిల్ 29న నువ్వు పంచాయతీ ఆఫీసులోనే మూర్ఛ వచ్చి పడిపోతే, మిరప బస్తాల మీద పడుకోబెట్టి వాడే తీసుకొచ్చాడు నిన్ను. డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచి, “తల్లీ బిడ్డా ఇద్దరూ కావాలని మాత్రం అడక్కండి” అంది. ఆ మాట నీకు ఇవాళ్టిదాకా చెప్పలేదు. అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. బావ గోడకి తల కొట్టుకున్నాడు. చివరికి ఇద్దరూ దక్కారు, నువ్వు స్పృహలోకొచ్చి అడిగిన మొదటి మాట ‘ఇవాళ ఎన్నో తారీకు’ అని. పాప పుట్టిన తారీకు అడుగుతున్నావనుకుని అమ్మ మురిసిపోయింది. నువ్వు లెక్క వేసుకుంటున్నావని నాకొక్కదానికే తెలుసు. ఎందుకంటే ఆ లెక్క నేర్పింది నేనే.

పాప ఇంకా ఆక్సిజన్ మీదుంది. పిడికెడంత ఉంది. మధ్యాహ్నం పాలకని నర్సు నిన్ను పిలిచింది. నువ్వు లేవని చెప్పాల్సి వచ్చింది.

ఒక్కపూట అన్నాను కదా. సంతకం పెట్టావు కదా. ఇదే బండిలో తిరిగి రా.

అర్ఫా

—

కొమ్మూరుపాడు,
13 మే

అర్ఫా,

రాలేను. ఎందుకో చదివాక తిట్టు.

అబ్దుల్లా మెల్లగానే తోలాడు. గుంట వచ్చినప్పుడల్లా ‘అక్కా, పట్టుకో’ అని అరిచాడు. ఆఫీసు ముందు దిగేసరికి కుర్చీలో జ్యోతిర్మయి ఉంది. నన్ను చూసి చటుక్కున లేచింది. “మా మామయ్య కూర్చోమంటే కూర్చున్నానక్కా, నన్ను తిట్టొద్దు” అని ఏడ్చేసింది. ఉత్తర్వు ఇంకా రాలేదట, రేపో ఎల్లుండో వస్తుందట. శ్రీరమ్య నాతో సంతకం పెట్టించుకుని మంచినీళ్లిచ్చింది. మండలానికి ఫోన్ చేసి, “ఇన్‌ఛార్జిగారు ఊళ్లోనే ఉన్నారండీ” అని గట్టిగా చెప్పింది, బయట ఉన్నవాళ్లకి కూడా వినపడేలా.

అక్కడితో అయిపోతుందనుకున్నా. నువ్వూ అలాగే అనుకున్నావు. చెరువు దగ్గర చప్పుడు వినిపించింది. రెండు ఇంజన్లు. ఉత్తర్వు కోసం కూడా ఆగలేదు. నీళ్లు అప్పటికే సగం మెట్లు దిగాయి.

గట్టెక్కి పైపు మీద కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక. కుట్లు లాగాయి, చీర తడిసింది, అది రక్తమో పాలో నేను చూసుకోలేదు. కూలీలు ఇంజన్లు ఆపేశారు, వాళ్లకీ భయమేసింది. రామాంజనేయులుగారు వచ్చి, “లేపండయ్యా ఆ అమ్మాయిని” అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఎవరు వచ్చారో చెప్పనా? మీ బావ. పైపు పట్టుకుని నీళ్లలోంచి బయటికి లాగాడు. ఆయనకి ఇక ఆ పొలం లేదు. ఇంటికొచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు.

నేను గుంటూరు బండెక్కితే ఆ పైపు మళ్లీ చెరువులో ఉంటుంది. ఒక్కపూట చాలదే. కాలవ వచ్చేదాకా నేను ఇక్కడుండాలి.

ఫోన్ ఉందిగా, చెయ్యొచ్చుగా అంటావు. చెయ్యకు. వెనకాల ఎక్కడైనా పాప ఏడిస్తే నేను ఆగలేను, ఈ గట్టు మీంచి లేచి వచ్చేస్తాను. రాయి, చాలు.

స్టీలు క్యాను మరగబెట్టి పాలు పిండి పంపుతున్నాను. చుట్టూ ఐసు పెట్టి తడిగుడ్డ చుట్టాను. బస్తాల మధ్య పెట్టొద్దని, తన ఒళ్లో పెట్టుకోమని అబ్దుల్లాకి చెప్పాను. ఒక చేత్తో ఎలా తోలతాడో తెలియదు. రోజూ పంపుతా. అందాయో లేదో ముందు అది రాయి. తాగిందో లేదో కూడా.

మౌలాబీ

—

గుంటూరు,
15 మే

అక్కా,

ముందు అదే రాస్తున్నాను. పాలు అందాయి. విరిగిపోయాయి.

అబ్దుల్లా తప్పు కాదు. చిలకలూరిపేట దగ్గర గంటన్నర ట్రాఫిక్ ఆగిపోయింది, ఐసు మొత్తం కరిగింది. వాడు దారిలో ఒక హోటలువాళ్లని బతిమాలి మళ్లీ ఐసు వేయించాడు. క్యాను నా చేతికిచ్చి, మూత తీయకముందే “బాగానే ఉన్నాయిగా?” అని నాలుగుసార్లు అడిగాడు. నర్సు వాసన చూసి తల అడ్డంగా ఊపింది. వాడు ఆసుపత్రి గేటు దగ్గర బండి పక్కన కూర్చుని, యార్డు మూసే టైమైపోయినా లేవలేదు.

నీకు అబద్ధం రాద్దామనుకున్నాను. తాగింది, నవ్వింది అని. రాయలేకపోయాను. నా మాట నమ్మి నువ్వు ఇప్పటికి రెండుసార్లు దెబ్బతిన్నావు.

ఆ క్యాను అమ్మ చూసింది. ఎవరివే ఈ పాలు అని అడిగింది. చెప్పాను. ఈసారి చట్టం చెప్పలేదు, రాజ్యాంగం చెప్పలేదు. నీ ఉత్తరం తీసి పైపు మీద కూర్చున్న ముక్క చదివాను, నసీమున్నీసా బిడ్డ ముక్క కూడా. అమ్మ విరిగిన పాలు పారబోయలేదు. క్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “పుట్టిల్లు వద్దన్నదనుకున్నానే” అంది.

తర్వాత లేచి బీరువాలోంచి బొంతలు తీయించింది. పాపకి నిన్న ఆక్సిజన్ తీసేశారు. స్పూనుతో పడుతున్నారు, పావుగంటకి రెండు చుక్కలు మింగుతోంది. ఇంకా గట్టిగా ఏడవట్లేదు. శనివారం పంపిస్తామంటోంది డాక్టరు, ఖాయంగా చెప్పట్లేదు. “పంపిస్తే నా ఇంటికి కాదు, దాని దగ్గరికే” అని అమ్మ డాక్టరుకే చెప్పేసింది. ఎదురింటి వదిన నోరు తెరవబోతే, “మా అమ్మాయి ప్రెసిడెంటు. ఊరొదిలి రాకూడదు. చట్టం” అంది. నేను కాదు అక్కా, అమ్మే అంది.

నాన్న దుకాణానికి తాళం వేసి చిన్న పరుపు భుజాన వేసుకున్నాడు. అబ్దుల్లా బండి వెనక బస్తాలకి బదులు అమ్మ కూర్చుంటుందట, ఒళ్లో పాప. మిరప ఘాటు పోవాలని వాడు బండిని ఇప్పటికి మూడుసార్లు కడిగాడు.

అమ్మ నిన్ను ఒక్కటే అడగమంది. తొలిస్నానానికి బిందెడు చెరువు నీళ్లు కాచి, చల్లార్చి, మూత పెట్టి ఉంచమంది.

అర్ఫా